ఏడో కిటికీ

బంట్లపేటలో దేవుడి పటం లేని ఇల్లయినా ఉంటుందేమోగాని, నల్ల ట్రంకుపెట్టె లేని ఇల్లు మాత్రం ఉండదు. పెట్టె మూత మీద తెల్లరంగుతో ఇంటాయన పేరు, నంబరు, రెజిమెంటు రాసి ఉంటాయి. కాపురానికొచ్చిన కొత్త కోడలు ముందు ఆ పెట్టెకు దణ్ణం పెట్టి, ఆ తర్వాతే అత్తగారి కాళ్లకు పెడుతుంది. ఊళ్లో ఇద్దరు తగువులాడుకుంటే ఆస్తుల గురించి ఎత్తుకోరు. ఎవరి పెట్టె ఎంత దూరం తిరిగొచ్చిందో తేల్చుకుంటారు. ఇన్ని పెట్టెలున్నా, ఒక్క మూత మీదా సుబేదారును మించిన హోదా లేదు. సెల్యూట్ కొట్టడంలో ఆ ఊరు ఆరితేరింది గాని, కొట్టించుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఈ లోటు తాను తీర్చాలని గేదెల ఢిల్లీశ్వరి పదో తరగతిలోనే నిర్ణయించుకుంది. ఆ పేరు పెట్టింది తాత, రిటైర్డ్ హవల్దారు అప్పలసూరి. వయసులో ఉన్నప్పుడు ఢిల్లీ పెరేడ్‌లో నడిచొచ్చాడు. ఆ గుర్తుగా కొడుక్కి ఢిల్లీశ్వరరావని పెడదామంటే భార్య ఒప్పుకోలేదు. మనవరాలి వంతు వచ్చేసరికి ఆవిడకు పోరాడే ఓపిక అయిపోయింది. అలా పేరు నిలబడింది.

ఢిల్లీశ్వరికి దారి కూడా తెలుసు. ఇంటర్ కాగానే ఒక పరీక్ష ఉంది. అది రాసి, ఇంటర్వ్యూ నెగ్గి, అకాడమీలో చేరితే, బయటికొచ్చేటప్పుడు భుజాల మీద నక్షత్రాలుంటాయి. ఇందులో ఆమెకు ఆవగింజంత అనుమానం లేదు. కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

ఆ ఏడు జిల్లాలో ఒక సభ జరిగింది. సభకొచ్చిన ఒక పెద్దమనిషి, సైన్యంలో ఆఫీసరు కావాలంటే ఏం చెయ్యాలని పిల్లల్ని అడిగాడు. ఒకడు ఇంటర్ తర్వాత పరీక్ష రాయాలన్నాడు, ఒకతె డిగ్రీ తర్వాత అంది. ఇంకొకడు ఇంజనీరింగ్ చదవాలన్నాడు. ఎన్.సి.సి. అని ఒకరు, లా చదివి అని ఒకరు, ముందు సిపాయిగా చేరి పైకి రావాలని ఒకరు చెప్పారు. ఒక్క ప్రశ్నకు ఆరు జవాబులా అని పెద్దమనిషి గుండె పట్టుకున్నాడు. ఆరూ సరైనవేనని ఆయనకు చెప్పగలవాళ్లు ఆ వేదిక మీద ఎవరూ లేకపోయారు. యువత అయోమయంలో పడిపోయిందని ఆయన కంటతడి పెట్టుకోగా, ఆ తడి ఆరకముందే సైనికాధికారి మార్గ నిర్ణయ మండలి పుట్టింది.

మండలి మొదటి ఉత్తర్వు బంట్లపేట పంచాయితీ ఆఫీసు గోడ మీద కూడా అతికించారు. "ఈ జిల్లాకు చెందిన అభ్యర్థులు ఎవరైనను, ఏ మార్గమున ప్రవేశింపదలచినను, ముందుగా మండలి వారి నిస్సందేహ ధ్రువపత్రము పొందియుండవలెను."

అప్పలసూరి కళ్లజోడు పెట్టుకుని, అటెన్షన్‌లో నిలబడి అది రెండుసార్లు చదివాడు. ఇంటికొచ్చి మనవరాలితో చెప్పాడు.

"ఆర్డరొచ్చింది. ఎల్లాల."

ఇంకో ఊరయితే ఎవరో ఒకరు ఇదేమిటని అడిగేవారు. బంట్లపేటలో తరతరాలుగా ఆర్డరంటే పాటించడమే గాని, దానికి తలా తోకా ఉన్నాయా అని వెతికే అలవాటు లేదు. సైన్యానికి ఎంతో మేలు చేసిన ఆ గుణమే ఈసారి ఊరి కొంప ముంచింది.

మండలి ఆఫీసు జిల్లా కేంద్రంలో ఒక పాత గోదాములో పెట్టారు. చుట్టూ ప్రహరీ, లోపల వరండాలో ఆరు దారులకు ఆరు కిటికీలు. ఒక్కో కిటికీకి ఒక్కో రంగు. ఢిల్లీశ్వరి మొట్టమొదటి అభ్యర్థి కావడంతో సంచాలకులు పరాంకుశంగారే స్వయంగా కూర్చోబెట్టి మాట్లాడారు. ఆయన జీవితంలో సైన్యాన్ని జెండా పండగనాడు టీవీలో తప్ప ఎప్పుడూ చూడలేదు గాని, తుడిచిపెట్టినట్టుండే టేబులు, ఇస్త్రీ నలగని చొక్కా చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది.

సందేహమేమిటని ఆయన అడిగారు. సందేహమేమీ లేదనీ, ఇంటర్ అవగానే పరీక్ష రాస్తాననీ, పత్రం ఇప్పిస్తే బస్సుకు వెళ్లిపోతాననీ ఆమె చెప్పింది. పరాంకుశంగారి ముఖం వాడిపోయింది.

"అమ్మా, మండలి లక్ష్యం సందేహ నివారణ. నివారణ అనగా ఉన్నదానిని తొలగించుట. సదరు అభ్యర్థిని యందు సందేహమే లేనప్పుడు, తొలగించితిమని మేము ఏ మొహం పెట్టుకుని ధ్రువీకరించగలం? జ్వరం రానివాడికి జ్వరం తగ్గిందని ఏ వైద్యుడైనా సర్టిఫికెట్ ఇస్తాడా?"

ఢిల్లీశ్వరి ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది. ఆయన మాటలో తప్పు ఎక్కడా దొరకలేదు. ఇలాంటి మాటలతో వచ్చిన చిక్కే అది. ఎక్కడ పట్టుకున్నా సబబుగానే ఉంటాయి.

"అయితే నేనేం చెయ్యాలండీ?"

"కంగారు పడకు. లేనివారికి కలిగించేందుకు ప్రత్యేక విభాగం ఉంది."

ఆ విభాగం పేరు సందేహ ఉత్పాదన విభాగం. అధికారిణి సౌదామినిగారు చల్లటి మనిషి. వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి, అమ్మలాగా తల నిమిరి, మెల్లగా మొదలుపెట్టేది. నీకు నిజంగా సైన్యం కావాలా, యూనిఫాం కావాలా? యూనిఫాం అయితే పోలీసులకూ ఉంది కదా, ఆ మాటకొస్తే రైల్వే టీసీకి లేదా? ఇది నీ కోరికా, మీ తాతగారి కోరికా? మీ తాతగారి కోరికే అనుకో, అది ఆయనదేనని ఆయనకు మాత్రం ఏం నమ్మకం? అడిగిందానికి జవాబు చెబితే ఆవిడ సంతోషంగా తలూపి, అలాగని నీకెందుకనిపించింది అని మళ్లీ అడిగేది. ఢిల్లీశ్వరి మొదట్లో అన్నిటికీ టపటపా జవాబులు చెప్పింది. ఇంత మొండి నిశ్చయాన్ని తన సర్వీసులో చూడలేదని సౌదామినిగారు దిగులుపడి, కేసు పొడిగించమని రాసింది.

తరగతులు ఆదివారాలు. కాలేజీలో ఎన్.సి.సి. పెరేడ్ కూడా ఆదివారాలే. మండలి తరగతులకు వెళ్లడంతో పెరేడ్ పోయింది, పెరేడ్ పోవడంతో ఎన్.సి.సి. దారి పోయింది. ఇంటర్ తర్వాతి పరీక్షకు వయసు దాటిపోయేదాకా సందేహం మొలకెత్తలేదు గనక ఆ దారీ పోయింది. ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది గాని, పత్రం చేతికి రాకుండా ఇంజనీరింగ్‌లో చేరడమంటే అనుమతి లేకుండా దారి ఎంచుకోవడమే అవుతుందని మండలి అభ్యంతరం చెప్పింది. లా, సిపాయి దారులూ అంతే. చివరికి బి.ఎ. అయితే ఏ దారికీ కొమ్ముకాయదని ఆరు కిటికీలవాళ్లూ ఒప్పుకుని, ఆమెను అందులో చేర్పించారు.

ఒక్కో దారి మూసుకుపోయినప్పుడల్లా పరాంకుశంగారు పిలిచి అభినందించేవారు. మండలి వార్షిక నివేదికలో ఆయన గర్వంగా రాసుకున్నారు. "మండలి స్థాపనకు పూర్వము ఒక్కొక్క అభ్యర్థి ఎదుట ఆరు మార్గములుండి తీవ్ర గందరగోళమునకు దారితీయుచుండెను. మండలి నిర్విరామ కృషి ఫలితముగా అట్టి మార్గములు ప్రస్తుతము ఒకటి రెండునకు తగ్గినవి. అచిరకాలములో పూర్తిగా నిర్మూలింపగలమని విశ్వసించుచున్నాము." నివేదిక చూసి పైవాళ్లు మెచ్చుకుని ఆరుగురు కొత్త ఉద్యోగుల్నీ, ఆరు తోరణ ద్వారాల్నీ మంజూరు చేశారు. ప్రహరీ పొడవునా ఆరు రంగుల ద్వారాలు లేచాయి. ఏ దారి అభ్యర్థి ఆ ద్వారంలోంచే రావాలి. పత్రం చూపించందే ఏ ద్వారమూ తెరవకూడదు. మరి పత్రం లేనివాళ్లు పత్రం కోసం లోపలికెలా వస్తారని ఎవరో అడిగితే, వెనక వంటమనిషి వచ్చే సందు ఒకటి తెరిచి ఉంచారు. కొన్నాళ్లకు జిల్లా యువతంతా ఆ సందులోంచే రాకపోకలు సాగించారు.

డిగ్రీ అయి ఏడాది గడిచేసరికి సౌదామినిగారి శ్రమ ఫలించింది. ఒకరోజు ఢిల్లీశ్వరి బస్టాండు దగ్గర హోటల్లోకి వెళ్లి కూర్చుంది. ఇడ్లీయా పెసరట్టా అని సర్వరు అడిగాడు. ఇది నా కోరికా, ఎదుటి టేబులు ఆయన తింటున్నది చూసి పుట్టిన కోరికా అని ఆలోచిస్తూ ఉండిపోయింది. సర్వరు మూడు టేబుళ్లు చూసుకొచ్చినా ఆమె అక్కడే ఉంది. ఆకలితోనే లేచొచ్చి బస్టాండులో నిలబడితే, బంట్లపేటకు పోయే బస్సులు రెండు పక్కపక్కనే ఆగి ఉన్నాయి. ఒకటి చెరుకు ఫ్యాక్టరీ మీదుగా, ఇంకొకటి హైవే మీదుగా. ఏది మంచిదో తేల్చుకునేలోగా రెండూ వెళ్లిపోయాయి.

ఆమె బెంచీ మీద కూలబడి ఏడ్చింది. పరీక్ష తప్పుతానని ఎప్పుడూ భయపడని పిల్లకు తనంటే తనకే భయం వేసింది. పదో తరగతిలో రాయిలా ఉన్న నిశ్చయం ఎప్పుడు అరిగిపోయిందో ఆమెకే తెలియలేదు.

మండలిలో మాత్రం పండగ చేశారు. "సదరు అభ్యర్థినికి పక్వ సందేహము కలిగినది" అని సౌదామినిగారు రాసిన కాగితం ఆరు కిటికీలూ తిరిగింది. ఆవిడ ఢిల్లీశ్వరిని దగ్గరికి తీసుకుని, ఇక నా చేతిలో ఏం లేదు తల్లీ, నివారణ విభాగానికి వెళ్లు అని కళ్లొత్తుకుంది. నివారణ విభాగంలో ఒక కుర్చీ, దాని మీద ఒక తువ్వాలు, దాని ముందు జిల్లాలోని సందేహగ్రస్తులంతా వరసగా ఉన్నారు. కుర్చీలో మనిషి లేడు.

ఢిల్లీశ్వరి పరాంకుశంగారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన శాంతంగా వివరించారు. నివారణాధికారికి ప్రమోషన్ ఇచ్చి, ఇక్కడే ఉంటారా, బదిలీ మీద వెళతారా అని పైనుంచి అడిగారట. ఏది మేలో తేల్చుకోవడానికి ఆయన సెలవు పెట్టారట. సెలవు పెట్టి ఏడాది దాటిందట.

"నాకు మిగిలింది డిగ్రీ దారి ఒక్కటేనండి. దరఖాస్తుకు ఈ శనివారం ఆఖరు. వచ్చేసారికి వయసు దాటిపోతుంది."

"ఆఖరి తేదీలు అభ్యర్థులకు ఉంటాయమ్మా. మండలికి లేవు," అన్నారాయన సగర్వంగా.

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి అప్పలసూరి అరుగు మీద పక్కింటి వాళ్లకు తాను సైన్యంలో చేరిన కథ చెబుతున్నాడు. ఊరందరికీ కంఠతా వచ్చిన కథే. భర్తీ మైదానంలో జాతరలాగా జనం, గేటు దగ్గర వరస కదలడం లేదు, పొద్దు వాలితే గేటు మూసేస్తారు. అప్పలసూరి వెనక్కి చుట్టి వచ్చి గోడ దూకాడు. దూకినవాడు సరిగ్గా ఆఫీసరు కుర్చీ ముందే పడ్డాడు. ఆఫీసరు పైనుంచి కిందికి చూసి, కాళ్లు విరిగాయా అని అడిగి, లేదంటే అటు వెళ్లి పరుగెత్తమన్నాడు.

ఎన్నోసారో విన్న ఆ కథలో ఢిల్లీశ్వరికి ఆ పూట ఒక సంగతి తట్టింది. గుమ్మంలో నిలబడే అడిగింది.

"తాతా, వరసలో రమ్మని ఆర్డరు కాదేటి అప్పుడు? నువ్వు గోడెలాగ దూకినావు?"

అప్పలసూరి తడుముకోలేదు. "అప్పటికి నాను సిపాయిని అయినానేటే? ఆర్డరు సిపాయికి గాని, అవ్వాలనుకున్నోడికి కాదు."

అనేసి, తానేమన్నాడో తన చెవులతో తానే విని, ఉలిక్కిపడ్డాడు. మనవరాలు అతని పక్కన కూర్చుంది.

"నానూ ఇంకా అవ్వలేదు కదా తాతా."

తాతా మనవరాలూ కలిసి పంచాయితీ ఆఫీసు గోడ దగ్గరికి వెళ్లారు. ఉత్తర్వు వానకు తడిసి వెలిసిపోయినా అక్షరాలు తెలుస్తున్నాయి. పత్రము పొందియుండవలెను అని ఉంది. పొందాక ఎవరికివ్వాలో మొదటినుంచి చివరిదాకా ఎక్కడా లేదు. ఇన్నేళ్లలో ఆ మాట ఊళ్లో ఒక్కరూ అడగలేదు. అప్పలసూరి సిగ్గుతో చేతికర్రతో నేల గీకాడు.

"నాదే తప్పే. ఎవడిదో తెలీని ఆర్డరుకి నీ కాలమంతా తగలెట్టించినాను."

ఢిల్లీశ్వరి ఇంటికొచ్చి తాత ట్రంకుపెట్టె మీద కూర్చుని ఫోన్లోనే దరఖాస్తు నింపింది. పేరు అడిగారు, పుట్టిన తేదీ అడిగారు, చదువు అడిగారు, పరీక్ష ఏ ఊళ్లో రాస్తారని అడిగారు. సందేహం ఉందా లేదా అని ఏ గడిలోనూ అడగలేదు. చివరి మీట నొక్కే ముందు వేలు ఒక్కసారి ఆగింది. ఇది నా కోరికా అని సౌదామినిగారి గొంతు లోపల మెల్లగా మొదలుపెట్టింది. కింద పెట్టె చల్లగా తగిలింది. నాదే అనుకుని నొక్కేసింది. వెంటనే వంటింట్లోకి వెళ్లి, నాయనమ్మ ఏది పెడితే అది రెండోమారు కూడా వడ్డించుకుని తింది.

పరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూలో ఒక పెద్ద ఆఫీసరు, నీ నిర్ణయం మీద నీకెప్పుడైనా సందేహం కలిగిందా అని అడిగాడు. కలిగిందండీ, ప్రభుత్వ ఖర్చుతో అని ఆమె చెప్పింది. సంగతేమిటో చెప్పమని పట్టుబట్టి అంతా విని, ఆ గదిలోవాళ్లు టీలు చల్లారేదాకా నవ్వారట. మొత్తానికి ఎంపికైంది. చెన్నైలో శిక్షణ ముగించుకుని లెఫ్టినెంటుగా ఊళ్లో దిగిన రోజున, అప్పలసూరి మోకాళ్ల నొప్పిని లెక్కచెయ్యకుండా రోడ్డు మధ్యలో మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. ఆమె బదులు సెల్యూట్ చేసింది. ముసలాయన ఎవరేమనుకుంటారనైనా చూడకుండా భోరుమని ఏడ్చాడు. ఆ ఏడుపులో ఉన్నంత సంతోషం అతని పెళ్లినాడు కూడా లేదని నాయనమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

వారం తిరక్కుండా మండలి నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి. మండలి మార్గదర్శకత్వమున అత్యున్నత విజయము సాధించినందులకు ఉదయము సన్మానము జరుపబడునని ఒకటి. మండలి వారి నిస్సందేహ ధ్రువపత్రము లేకనే మార్గము నందు ప్రవేశించినందులకు అదే రోజు మధ్యాహ్నము సంజాయిషీ సమర్పింపవలెనని రెండోది. రెంటి కిందా పరాంకుశంగారి సంతకమే. అప్పలసూరి రెండూ చదివి, ఆర్డరొచ్చిందని అనబోయి నాలుక కరుచుకున్నాడు. ఢిల్లీశ్వరే నవ్వి, పద తాతా అంది.

ఇద్దరూ వెళ్లేసరికి ఆరు ద్వారాలూ మూసి ఉన్నాయి. లోపల మైకు, దండలు, శాలువా, వరండా నిండా సందేహ నివారణ కోసం ఎదురుచూస్తున్న పిల్లలు. చిక్కు ద్వారం దగ్గర వచ్చింది. డిగ్రీ మార్గంలో నెగ్గింది గనక పచ్చద్వారం తెరవాలని ఒక అధికారి అన్నాడు. పత్రం లేదు గనక ఏ ద్వారమూ తెరవడానికి వీల్లేదని ఇంకొకాయన అడ్డుపడ్డాడు. పోనీ వంటమనిషి సందులోంచి రమ్మందామంటే, ముఖ్య అతిథి హోదాకు అది తగదని పరాంకుశంగారే ఒప్పుకోలేదు. ద్వారం కమ్మీల సందులోంచి చేతులు జోడించి, కొద్దిసేపు ఓపిక పట్టవలసిందిగా కోరి, ఈ విషయమై ఉపసంఘం వేయడానికి లోపలికి వెళ్లారు.

ఎండ మండిపోతోంది. ఢిల్లీశ్వరి ప్రహరీని కిందినుంచి పైకి ఒకసారి చూసింది. అకాడమీలో ఇంతకు రెండింతల గోడ పొద్దున్నే ఆకలి కోసం దూకించేవారు. టోపీ తీసి తాత చేతికిచ్చింది. ముసలాయన కళ్లు మెరిశాయి.

"కాళ్లు జాగ్రత్తే," అన్నాడు.

రెండడుగులు వెనక్కి వేసి, పరుగెత్తి, గోడ అంచు పట్టుకుని పైకెక్కింది. మైకు దగ్గరివాళ్లు నోళ్లు తెరిచారు. వరండాలోంచి ఒక అమ్మాయి పరుగున వచ్చి గోడ కింద నిలబడింది. రెండేళ్లుగా వస్తున్నాననీ, తన వయసు కూడా దాటిపోవస్తోందనీ, పత్రం ఎప్పుడిస్తారో కనుక్కుని చెప్పమనీ బతిమాలింది. ఢిల్లీశ్వరి గోడ మీద కూర్చునే అందరికీ వినబడేలా చెప్పింది.

"ఆ పత్రం నన్ను ఎవరూ అడగలేదమ్మా."

 వరండాలో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడయింది. ఆ అమ్మాయి చున్నీ నడుముకు బిగించి చెయ్యి పైకి చాచింది. ఢిల్లీశ్వరి ఆ చెయ్యి అందుకుని పైకి లాగి అవతలికి దింపింది. ఆ వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకతె. బయట అప్పలసూరి టోపీని చంకలో భద్రంగా పెట్టుకుని, దిగేవాళ్లకు భుజం ఆనిస్తూ, ఏక్ దో ఏక్ దో అని వరస పెట్టించాడు. ఉపసంఘం నిర్ణయం తీసుకుని బయటికొచ్చేసరికి వరండాలో సౌదామినిగారు ఒక్కతే మిగిలింది. ఆవిడ కూడా గోడ వంక చూస్తూ, దూకాలా వద్దా అని ఆలోచిస్తోంది.

పరాంకుశంగారు అనుభవజ్ఞులు గనక బెదిరిపోలేదు. జిల్లా యువతకు ఇంతవరకు మండలి దృష్టికి రాని మార్గం ఒకటి ఉన్నట్టు కనుగొన్నామని పైకి రాశారు. పైవాళ్లు సంతోషించి ఏడో కిటికీ మంజూరు చేశారు. దాని మీద బోర్డు ఇలా ఉంటుంది. "గోడ మార్గము. దూకదలచిన అభ్యర్థులు ఎడమకాలు ముందా, కుడికాలు ముందా అను విషయమై తగిన సందేహముతో ఆదివారములందు హాజరు కావలెను."

ఆ కిటికీకి ఇంతవరకు ఒక్కరూ రాలేదు. ప్రహరీకి మాత్రం ఒకచోట పెచ్చులూడి, కాలు పెట్టుకోవడానికి చక్కటి మెట్టు ఏర్పడింది.